నెలలు నిండుతున్న రోజులు

ఏడో నెల వచ్చాక నన్ను చూసినవాళ్ళందరిదీ ఒకటే మాట: "ఇంకెంతమ్మా, ఓ మూడు నెలలు ఓపిక పట్టు." ప్రేమతోనే అనేవారు, అందులో అనుమానం లేదు. కాకపోతే ఆ మూడు నెలలూ పంటి బిగువున గడిపేయాల్సినవి అన్నట్టు ఉండేది ఆ మాట. మా అమ్మాయికి ఇప్పుడు పద్నాలుగేళ్ళు. ఇన్నేళ్ళ తర్వాత తలచుకుంటే అంత ఎరుకతో బతికిన రోజులు నాకు మళ్ళీ రాలేదనిపిస్తుంది. ఒళ్ళు బరువెక్కింది, నిద్ర కరువైంది, ఉండుండి భయం వేసేది. అన్నీ నిజమే. అయినా మా అమ్మాయి నాకు ఆ మూడు నెలల్లోనే, మొహం చూడకముందే, పరిచయమైపోయింది.

ఇంట్లో అందరూ నెలల్లో లెక్కపెట్టేవారు, ఆసుపత్రిలో వారాల్లో చెప్పేవారు. 28వ వారం నుంచి మూడో ట్రైమిస్టర్, అంటే ఆఖరి మూడు నెలలు అన్నారు. అప్పుడు తీసిన స్కానింగులో బిడ్డ బరువు కిలోకి కాస్త అటూ ఇటూగా ఉంది. నెలలు నిండేసరికి మూడు కిలోలు, ఇంకాస్త పైన కూడా ఉండొచ్చన్నారు. అంటే పన్నెండు వారాల్లో మూడింతలు! ఆ లెక్క విన్నాక నా నీరసం మీద నాకున్న చిరాకు పోయింది. లోపల ఇంత పని జరుగుతుంటే నాలుగు మెట్లెక్కగానే ఆయాసం రాదూ మరి. ఆ సమయానికి బిడ్డ కళ్ళు తెరవడం, మూయడం మొదలవుతుంది. ముడతల చర్మం కింద కొవ్వు చేరి ఒళ్ళు నునుపు తేలుతుంది. పుట్టాక మొదటి నెలల్లో కావలసిన ఇనుములో ఎక్కువ భాగం బిడ్డ తల్లి దగ్గర తీసుకునేది ఈ వారాల్లోనే. జబ్బులతో పోరాడే యాంటీబాడీలు మాయ గుండా ఎక్కువగా చేరేదీ ఇప్పుడే. ఐరన్ మాత్ర వేసుకుంటే నాకు కడుపులో తిప్పేది, మలబద్ధకం సరేసరి. మానేద్దామా అనిపించినప్పుడల్లా ఈ సంగతి గుర్తు తెచ్చుకుని మింగేదాన్ని.

చెకప్‌కి వెళ్ళినప్పుడు నాకు బాగా నచ్చింది టేపు కొలత. నన్ను పడుకోబెట్టి, పొత్తికడుపు కింది ఎముక మీద టేపు కొస ఆనించి, రెండో చేత్తో గర్భసంచి పైఅంచు ఎక్కడుందో తడిమి, అక్కడిదాకా లాగి చూసేవారు డాక్టరు గారు. 30వ వారంలో 30 సెంటీమీటర్లు, 32వ వారంలో 32. ఒకటి రెండు అటూ ఇటూ అయినా ఫర్వాలేదట. చుట్టూ అన్ని మెషీన్లున్న గదిలో మామూలు టేపు ఒకటి బిడ్డ ఎదుగుదల చెప్పేస్తుంటే నాకు ఎంతో ధైర్యంగా ఉండేది. ఆ తర్వాత బీపీ, బరువు, యూరిన్ పరీక్ష. ఆ రెండు నిమిషాల పనికోసం ఇంతసేపు కూర్చోవాలా అని పక్కన ఎవరైనా విసుక్కుంటే నాకు బాధగా ఉండేది. గర్భిణికి కనీసం ఎనిమిది చెకప్‌లు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. వాటిలో అయిదు ఈ ఆఖరి నెలల్లోవే: 30, 34, 36, 38, 40 వారాల్లో. మా అమ్మాయి అప్పటికే బడికి వెళ్తోంది. ఆ పట్టిక చూసినప్పుడు మాత్రం, ఆ టేపూ ఆ బీపీ మెషీనూ కళ్ళ ముందుకొచ్చాయి.

నాది నెగటివ్ బ్లడ్ గ్రూపు, మా ఆయనది పాజిటివ్. అందుకని 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్ చేశారు. పుట్టాక బిడ్డది పాజిటివ్ అని తేలితే 72 గంటల్లోపు ఇంకొకటి. బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిసినప్పుడు తల్లి ఒంట్లో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారు కాకుండా ఆపుతుందట ఆ మందు. ఎక్కువగా అది తర్వాతి కాన్పు కోసం. మూడేళ్ళకి మా అబ్బాయి ఏ ఇబ్బందీ లేకుండా పుట్టినప్పుడు ఆ సూదికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఇక కదలికలు. వీటి గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

అయిదో నెలలో గ్యాసా, బిడ్డా అని అనుమానపడేలా ఉండే కదలిక ఎనిమిదో నెలకి ఎదురుగా కూర్చున్నవాళ్ళకి కనబడేంత అయింది. ఒక్కోసారి పొట్టంతా కుడివైపుకి ఒరిగిపోయి, ఎడమవైపు ఖాళీగా లోపలికి పోయేది. పొట్ట మీద ఆనించుకుని పుస్తకం చదువుతుంటే పుస్తకం ఎగిరిపడేది. కుడి పక్కటెముక కింద ఒక చోటుండేది, రోజూ సాయంత్రం అక్కడికే వచ్చి తన్నేది. వేళ్ళతో మెల్లగా నొక్కితే కాసేపు ఆగి, మళ్ళీ అక్కడే. మా ఆయన చెయ్యి పెడితే మాత్రం టక్కున ఆగిపోయేది. ఆయన అలాగే చెయ్యి పెట్టుకుని, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా ఎదురుచూసేవారు. చెయ్యి తీసిన మరుక్షణం మొదలు!

ఒక రాత్రి పొట్ట కింది భాగంలో, ఎడమవైపు, చిన్న చిన్న అదురులు మొదలయ్యాయి. ఒకే చోట, ఒకే వరుసలో, లయ తప్పకుండా. తన్నడం ఇలా ఉండదే అని టెన్షన్ పడ్డాను. మర్నాడు అడిగితే డాక్టరు గారు నవ్వి, "ఎక్కిళ్ళమ్మా" అన్నారు. పొట్టలోని బిడ్డకి ఎక్కిళ్ళు మామూలే. ఊపిరికి సాయం చేసే ఉదరవితానం అనే కండరం ఉండుండి ఇలా బిగుసుకుంటుంది. ఆ తర్వాత దాదాపు రోజూ అవే ఎక్కిళ్ళు, రాత్రి భోజనం అయిన కాసేపటికి. అయిదు నిమిషాలో, పది నిమిషాలో. నేను వేలితో లయ వేస్తూ కూర్చునేదాన్ని.

రోజుకోసారి కదలికలు లెక్కపెట్టమన్నారు. ఏ వేళ బిడ్డ హుషారుగా ఉంటుందో ఆ వేళ ఎడమవైపు తిరిగి పడుకుని, మొదలుపెట్టిన టైము రాసుకుని, పది కదలికలు అయ్యాక టైము చూడాలి. తన్నడం, దొర్లడం, గుద్దడం అన్నీ లెక్కే, ఎక్కిళ్ళు మాత్రం కాదు. రెండు గంటల్లోపు పది రావాలి. మా అమ్మాయికి మామూలుగా అరగంట చాలేది. పాత డైరీ ఒకటి దానికే పెట్టాను. పెన్సిల్‌తో నిలువు గీతలు, పక్కన టైము. ఆ డైరీ ఇప్పటికీ నా దగ్గరుంది. నాకు కావలసింది ఆ పది అంకె ఒక్కటే కాదు, నా బిడ్డ పద్ధతి ఏమిటో తెలియడం. ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు పడుకుంటుంది, ఏ చప్పుడుకి ఉలిక్కిపడుతుంది, అన్నీ తెలిసిపోయాయి. అందుకే 35వ వారంలో ఒక రాత్రి ఏదో తేడాగా ఉందని నాకు వెంటనే తట్టింది.

భోజనం అయింది. ఎక్కిళ్ళు లేవు. పక్కటెముక కింద తన్ను లేదు. ఎడమవైపు పడుకున్నాను. చాలాసేపటికి ఒక చిన్న కదలిక, అదీ అనుమానంగా. డైరీలో పెన్సిల్ అలాగే ఆగిపోయింది. "నెలలు నిండేకొద్దీ లోపల చోటు చాలదు, కదలడం తగ్గుతుందిలే" అని నాకు అప్పటికే చాలామంది చెప్పి ఉన్నారు. ఇది చాలా ప్రమాదకరమైన అపోహ. చోటు తగ్గేసరికి కదలిక తీరు మారవచ్చు, ఎగిరి తన్నడం తగ్గి దొర్లడం ఎక్కువవవచ్చు. కదలడం మాత్రం తగ్గకూడదు. కాన్పు రోజు దాకా, నొప్పులు మొదలయ్యాక కూడా, బిడ్డ కదులుతూనే ఉండాలి. ఈ మాట డాక్టరు గారు నాకు ముందే గట్టిగా చెప్పడం వల్ల తెల్లారేదాకా చూద్దామన్న ఆలోచనే రాలేదు. ఫోన్ చేశాం. "ఇప్పుడే వచ్చెయ్యండి" అన్నారు.

దారంతా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆసుపత్రిలో నర్సమ్మ నా పొట్ట చుట్టూ రెండు బెల్టులు కట్టింది. ఒకటి బిడ్డ గుండె కోసం, ఇంకొకటి గర్భసంచి బిగుసుకుంటోందేమో చూడటానికి. పైన పెట్టిన బిళ్ళని ఒక్క నిమిషం అటూ ఇటూ జరిపింది. ఆ నిమిషం ఎంత పొడుగో నాకు తెలుసు. ఉన్నట్టుండి గదంతా గుండె చప్పుడు! దడదడదడ అని, నా గుండె కంటే ఎంతో వేగంగా. అంకె 140 దగ్గర ఆడుతోంది. 110 నుంచి 160 దాకా మామూలే అంది నర్సమ్మ. మెషీన్ నుంచి కాగితం గీతలు గీసుకుంటూ బయటికి వస్తోంది. ఇరవై నిమిషాలయ్యాక, మా అమ్మాయి ఒక్క తన్ను తన్నింది. బెల్టు కదిలింది, కాగితం మీద గీత కొండెక్కినట్టు పైకి లేచి దిగింది. బిడ్డ కదిలినప్పుడు గుండె వేగం అలా పెరగడం మంచి గుర్తు. మరి కాసేపటికి ఇంకొకటి, ఇంకొకటి. మా ఆయన నా చెయ్యి వదిలి కళ్ళు తుడుచుకున్నారు.

బిడ్డ నిద్రపోయిందన్నారు. లోపల నిద్ర ఒక్కో దఫా 20 నుంచి 40 నిమిషాలు ఉంటుందట, తొంభై నిమిషాలు దాటడం అరుదు. "అనవసరంగా మిమ్మల్ని ఇబ్బంది పెట్టామా డాక్టరు గారూ" అని అడిగాను. ఆవిడ నా పక్కన కూర్చుని, "అలా అనుకుని ఇంట్లో ఉండిపోకూడదమ్మా. రేపు మళ్ళీ అనుమానమొస్తే మళ్ళీ రా. అర్ధరాత్రయినా సరే, పదిసార్లయినా సరే" అన్నారు. నాకు తెలిసిన గర్భిణులందరికీ ఆ మాట నేను చెబుతూ వస్తున్నాను. మా చెల్లెలికి చెప్పాను, ఆఫీసులో పిల్లలకి చెప్పాను. కదలిక తగ్గిందనిపిస్తే చల్లటి నీళ్ళు తాగి, ఏదో తిని, పడుకుని పొద్దున చూద్దామని ఆగకండి. వెళ్ళండి. అంతా బాగుంటే సంతోషంగా తిరిగొస్తారు.

పడుకోవడం గురించి కూడా అప్పుడే నేర్చుకున్నాను. 28 వారాలు దాటాక వెల్లకిలా పడుకుంటే పెరిగిన గర్భసంచి బరువు వెన్నెముక పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడుతుంది. ఒంటి కింది భాగం నుంచి గుండెకి రక్తాన్ని తీసుకెళ్ళేది అదే. దాంతో బిడ్డకి అందే రక్తం తగ్గుతుంది. అందుకే పక్కకి తిరిగి నిద్రపోవాలి. ఎడమా కుడీ ఏదైనా ఫర్వాలేదు, నిద్రకి ఉపక్రమించేటప్పుడు పక్కకి ఉండటం ముఖ్యం. మధ్యరాత్రి మెలకువ వచ్చి వెల్లకిలా ఉన్నట్టు గమనిస్తే కంగారు పడక్కర్లేదు, తిరిగి పక్కకి ఒత్తిగిలితే సరి. మోకాళ్ళ మధ్య ఒక దిండు, వీపు వెనక ఒకటి, పొట్ట కింద ఒక పల్చటిది. ఇన్ని సర్దుకుని కన్ను మూతపడేసరికి బాత్రూమ్‌కి లేవాల్సి వచ్చేది. మళ్ళీ దిండ్లన్నీ మొదటినుంచి. నిద్ర పట్టిన కాసేపూ కలలే. అంత స్పష్టమైన కలలు నాకు ముందూ రాలేదు, తర్వాతా రాలేదు.

మిగతా బాధలు గబగబా చెప్పేస్తాను. గుండెల్లో మంట: ఆహారాన్ని పైకి రానివ్వకుండా ఆపే కవాటం హార్మోన్ల వల్ల వదులవుతుంది, కింద నుంచి గర్భసంచి నెడుతుంది, ఇంకేముంది. రాత్రి తొందరగా, కొంచెం కొంచెంగా తినడం, తల వైపు ఎత్తు పెట్టుకోవడం నాకు పనికొచ్చాయి. అర్ధరాత్రి పిక్క పట్టేయడం: మా ఆయన నిద్రమత్తులోనే లేచి నా పాదాన్ని వేళ్ళ దగ్గర పట్టుకుని మోకాలి వైపు వంచేవారు, అర నిమిషంలో వదిలేది. ముందువైపు కటి ఎముకల దగ్గర నొప్పి: రెండు కాళ్ళూ కలిపి ఉంచి పక్కకి దొర్లి లేవడం అలవాటు చేసుకున్నాక తగ్గింది. ముర్రుపాలు కొందరికి ముందే కొద్దిగా కారతాయి, కొందరికి కారవు. రెండూ మామూలే, పుట్టాక పాలు పడటానికీ దీనికీ సంబంధం లేదు. దురద ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. పొట్ట సాగి దురద పెట్టడం వేరు. అరచేతులు, అరికాళ్ళు రాత్రిపూట విపరీతంగా దురద పెడితే అది కాలేయానికి సంబంధించింది కావచ్చు, రక్తపరీక్ష చేయించాలి.

కాళ్ళకి నీరు రావడం నాకూ ఉంది. సాయంత్రానికి చెప్పులు పట్టేవి కావు, ఉంగరం తీసి పెట్టేశాను. కాళ్ళు ఎత్తు మీద పెట్టుకుంటే పొద్దున్నకి తగ్గేది. అది మామూలు నీరు. మామూలు కానిది ఏమిటో నా స్నేహితురాలి వల్ల తెలిసింది. ఇద్దరం కొన్ని వారాల తేడాలో నెలతప్పాం. 33వ వారంలో తనకి రెండు రోజులుగా తగ్గని తలనొప్పి. ఎండలో తిరిగానేమో అనుకుంది. ఆ సాయంత్రం ఫోన్‌లో, "కళ్ళ ముందు మెరుపుల్లా వస్తున్నాయే, మొహం కూడా ఉబ్బింది" అంది. "ఫోన్ పెట్టేసి ఆసుపత్రికి వెళ్ళు" అన్నాను. బీపీ 160 దాటింది. యూరిన్‌లో ప్రోటీన్. గుర్రపువాతానికి ముందు దశ, డాక్టర్ల భాషలో ప్రీఎక్లాంప్సియా. బీపీ 140/90కి చేరితే చాలు, జాగ్రత్త పడాల్సిన జబ్బు అది. పక్కటెముకల కింద కుడివైపు నొప్పి రావడం కూడా దాని గుర్తే. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించారు, బిడ్డ ఊపిరితిత్తులు తొందరగా ఎదగడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు, కొద్ది రోజులకి కాన్పు చేశారు. బాబు రెండు కిలోలకి తక్కువ. కొన్నాళ్ళు ప్రత్యేక వార్డులో ఉంచి ఇంటికి పంపారు. ఇప్పుడు వాడు మా అమ్మాయి కంటే జానెడు పొడుగు. వాణ్ణి చూసినప్పుడల్లా నాకు ఆ ఫోన్ గుర్తొస్తుంది.

దొంగ నొప్పులు నాకు 30 వారాలకే మొదలయ్యాయి. నిలబడి ఏదో పని చేసుకుంటుంటే పొట్టంతా ఒక్కసారి బిగుసుకుని గట్టిపడేది. నొప్పి లేదు, బిగుతు మాత్రమే. అర నిమిషం ఉండి వదిలేది. జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ అనే ఇంగ్లండ్ డాక్టరు 1872లో వీటి గురించి రాశారని, అందుకే ఆయన పేరే పెట్టారని తర్వాత చదివాను. ఎందరు తల్లులు ఎన్ని తరాలుగా ఎరిగినవో అవి! మా అమ్మ మాత్రం ఏ డాక్టరు పేరూ చెప్పకుండానే, "కాసేపు నడువు, నీళ్ళు తాగు, పడుకుని చూడు. తగ్గిపోతే దొంగవి, తగ్గకుండా దగ్గర దగ్గరగా వస్తే అసలువి" అంది. డాక్టరు గారూ అదే చెప్పారు. 37 వారాలు నిండకముందు అలాంటివి వరసగా వస్తుంటే మాత్రం ఇంట్లో పరీక్షలు పెట్టుకోకుండా వచ్చేయమన్నారు.

32వ వారంలో మా అమ్మాయి తల పైకి, కాళ్ళు కిందికి పెట్టుకుని కూర్చుంది. ఎదురుకాళ్ళ బిడ్డ అనగానే ఇంట్లో అందరి మొహాలూ మారిపోయాయి. 28 వారాలప్పుడు నలుగురైదుగురిలో ఒకరు అలాగే ఉంటారని, నెలలు నిండేసరికి నూటికి ముగ్గురు నలుగురే అలా మిగులుతారని డాక్టరు గారు చెప్పారు. అప్పటికీ తిరగకపోతే 36, 37 వారాల్లో పైనుంచి చేతులతో నెమ్మదిగా తిప్పే పద్ధతి ఉందట, దాదాపు సగం మందిలో పనిచేస్తుందట. మాకు ఆ అవసరం రాలేదు. ఒక తెల్లవారుజామున పొట్టలో పెద్ద కల్లోలం. ఇటునుంచి అటు ఏదో గట్టిగా గుండ్రంగా దొర్లింది, ఊపిరి ఆగినంత పనయింది. ఆ రోజు నుంచి తన్నులు పక్కటెముకల కిందికి వచ్చాయి, ఎక్కిళ్ళు పొత్తికడుపు దగ్గరికి దిగాయి. తల కిందికి తిరిగిందని స్కానింగ్ కంటే ముందు నేనే చెప్పాను.

రాత్రిళ్ళు పైకి చదవడం మొదలుపెట్టింది అప్పుడే. పిల్లల కథలు, ఏది దొరికితే అది. మా ఆయన పక్కన కూర్చుని వినేవారు. 1980లో ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ అనే ఇద్దరు అమెరికాలో చేసిన ప్రయోగం గురించి ఎక్కడో చదివాను. పుట్టి మూడు రోజులు కూడా కాని పిల్లలు, తాము పాలపీక చీకే తీరును బట్టి తల్లి గొంతు కానీ వేరే ఆవిడ గొంతు కానీ వినిపించేలా పెడితే, తల్లి గొంతు వచ్చేలా చీకారట. 1986లో డికాస్పరే మరొకరితో కలిసి చేసిన ఇంకో ప్రయోగంలో, ఆఖరి ఆరు వారాల్లో తల్లులు రోజూ పైకి చదివిన కథను పిల్లలు పుట్టాక కూడా గుర్తుపట్టారట. చదువుతున్నది నాకోసమో తనకోసమో తెలియదు కానీ ఆ గంట మా ముగ్గురిదీ.

36 వారాలు దాటాక ఒకరోజు పొద్దున లేచేసరికి ఊపిరి హాయిగా ఆడుతోంది. గుండెల్లో మంట లేదు. బిడ్డ తల కటిలోకి దిగిందన్నమాట. దానికి బదులుగా నడక భారమైంది, బాత్రూమ్ ప్రయాణాలు ఇంకా పెరిగాయి. మొదటి కాన్పులో తల ఇలా రెండు నుంచి నాలుగు వారాల ముందే దిగుతుందట. మా అబ్బాయప్పుడు నొప్పులు మొదలయ్యేదాకా దిగనే లేదు. ఆ రోజుల్లోనే నాకు ఎక్కడలేని ఓపికా వచ్చింది. అలమారాలన్నీ సర్దాను, చిన్ని బట్టలు ఉతికి, ఆరేసి, మడతపెట్టి, మళ్ళీ విప్పి చూసుకున్నాను. ఆసుపత్రి బ్యాగులో ఫైలు అన్నిటికంటే పైన పెట్టాను. మీరూ అలాగే పెట్టుకోండి, హడావిడిలో మొదట అడిగేది అదే.

గడువు తేదీ వచ్చింది, వెళ్ళింది. "ఇంకా కాలేదా?" అని ఫోన్ల మీద ఫోన్లు. ఆ ప్రశ్న నాకు నచ్చేది కాదు, ఇప్పటికీ నేను ఎవరినీ అలా అడగను. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కకట్టే పద్ధతికి జర్మనీ డాక్టరు నేగెలె పేరు ఉంది, ఇప్పటికీ అదే వాడతారు. అయితే సరిగ్గా ఆ తేదీకే పుట్టేవాళ్ళు నూటికి అయిదుగురు కూడా ఉండరు. 37 నుంచి 42 వారాల మధ్య ఎప్పుడైనా రావచ్చు. 41 దాటితే మందులతో నొప్పులు తెప్పించడం గురించి మాట్లాడదామన్నారు. అంతదాకా రాలేదు.

పొద్దున్న జిగటగా, కొంచెం ఎర్రజీరతో తెల్లబట్ట కనిపించింది. సాయంత్రానికి నడుంలో ఏదో పట్టినట్టు నొప్పి. అది ముందుకి పాకి, పొత్తికడుపు దాకా వచ్చి, వదిలేది. నడిచాను, తగ్గలేదు. పడుకున్నాను, తగ్గలేదు. మా ఆయన గడియారం పట్టుకుని కూర్చున్నారు. అయిదు నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు అలాగే. అదీ ఆసుపత్రికి బయల్దేరాల్సిన గుర్తు. సినిమాల్లో చూపించినట్టు ఉమ్మనీరు ముందే పోవడం నెలలు నిండినవాళ్ళలో పదిమందిలో ఒకరికే. నాకు ఆసుపత్రిలో చేరాక పోయింది. నీరు తేటగా ఉందా అని నర్సమ్మ ముందు అదే చూసింది. ఆకుపచ్చగా ఉంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసిందని అర్థం, వెంటనే చెప్పాలి. ఇంట్లో పోయినా సరే, టైమూ రంగూ గుర్తుపెట్టుకుని బయల్దేరాలి.

ఆ రాత్రి సంగతి వేరే కథ. తెల్లవారాక మా అమ్మాయి నా ఛాతీ మీద ఉంది. పెద్దగా ఏడుస్తుంటే రోజూ చదివే కథలో మొదటి మాట అన్నాను. ఏడుపు ఆపి, కళ్ళు చిట్లించి నా వైపు తిరిగింది.

ఆ సాయంత్రమే తనకి ఎక్కిళ్ళొచ్చాయి. చూడటానికి వచ్చిన పెద్దావిడ ఒకరు కంగారుపడి, "అయ్యో, పసిదానికి ఎక్కిళ్ళు, కాసిని నీళ్ళు పట్టండి" అన్నారు. "వద్దండీ, నీళ్ళు పట్టకూడదు. అవే తగ్గిపోతాయి" అన్నాను. వేలితో పక్క మీద లయ వేసి చూశాను. అదే వేళ, అదే లయ. మా ఆయన్ని దగ్గరికి పిలిచి, "ఇవేనండీ, నేను చెప్పేదాన్ని చూడండి, ఇవే!" అన్నాను.